కొత్త రోడ్ బైక్‌పై మొదటి రైడ్: బండి చెప్పేది ఎలా వినాలి

మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు కొత్త కార్బన్ రోడ్ బైక్ మీద, అంటే కార్బన్ ఫైబర్ ఫ్రేముతో చేసిన వేగపు సైకిల్ మీద, బయల్దేరాను. రుషికొండ దాటాక చదును రోడ్డు మీద హ్యాండిల్‌కి తగిలించిన సైకిల్ కంప్యూటర్ గంటకి 39 కిలోమీటర్ల వేగం చూపిస్తోంది. కాళ్ళకి పెద్ద కష్టం లేదు, ఊపిరి మామూలుగానే ఉంది. పాత అల్యూమినియం బండి మీద అదే కష్టానికి అక్కడ నాకు వచ్చేది 33. పెట్టిన డబ్బు మొత్తం వసూలైపోయిందనిపించింది. భీమిలిలో టీ తాగి వెనక్కి తిరిగాను. అదే బండి, అవే కాళ్ళు, అంతే కష్టం, కానీ కంప్యూటర్‌లో 26. మంగమారిపేట దగ్గర ఒడ్డుకి లాగి పెట్టిన పడవ మీద జెండా నా ముఖానికేసి చాచినట్టు నిలబడి రెపరెపలాడుతోంది. పొద్దున 39 ఇచ్చింది బండి కాదు, వీపున ఉన్న నైరుతి గాలి.

లక్షలు పోసి కొన్న బండి గురించి మొదటి రోజు మనకి కలిగే అభిప్రాయంలో గాలి వాటా ఉంటుంది, టైరు వాటా ఉంటుంది, మన సంబరం వాటా అయితే చాలా ఉంటుంది. అవి తీసేయగా మిగిలినదే బండి గుణం. దాన్ని విడదీసి చూడటానికి నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. నేను విశాఖలో తొక్కుతాను కాబట్టి దారి ఇక్కడిదే చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద మొదలుపెట్టినా వరస మారదు.

1. కొత్త బండి రాకముందే పాత బండిని కొలవండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. కొత్తది ఇంటికొచ్చే వారం ముందే పాతది అమ్మేస్తారు. అమ్మే ముందు టేపు పట్టుకుని మూడు కొలతలు రాసి పెట్టుకోండి. ఒకటి, క్రాంక్ (పెడల్స్ తగిలించిన కడ్డీలు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం వెంబడి సీటు పైభాగం వరకు ఎత్తు. రెండు, సీటు ముక్కు నుంచి బ్రేక్ హుడ్ల వరకు, అంటే చేతులు ఆనించే బ్రేక్ లివర్ల రబ్బరు పిడుల వరకు, దూరం. మూడు, సీటు ముక్కు క్రాంక్ ఇరుసుకి ఎన్ని సెంటీమీటర్లు వెనకాల ఉందనేది. మూడోదానికి ఒక దారానికి నట్టు కట్టి, తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండులాగా సీటు ముక్కు నుంచి వేలాడదీసి, దారానికీ ఇరుసుకీ మధ్య దూరం చూడండి.

పాత బండి మీద మీకు ఏ నొప్పీ లేదంటే ఈ మూడు అంకెలు బంగారం. కొత్త బండిని ముందు వీటికే సెట్ చేయండి. అలా చేయకపోతే, సీటు ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉన్నందువల్ల వచ్చిన తేడాని మీరు ఫ్రేము గొప్పతనం అనుకునే ప్రమాదం ఉంది. లేదా ఫ్రేము లోపం అనుకుంటారు.

ఇదే మీ మొదటి రోడ్ బైక్ అయితే గోడకి ఆనుకుని, చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకాన్ని పైకి నొక్కి పట్టుకుని, దాని పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఆ అంకెని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే సీటు ఎత్తు 70.6. అక్కడి నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా మార్చుకుంటారు. ఇదే ఆఖరి అంకె అనుకోవద్దు.

ఇంకో పని. మొదటి రైడ్ ఏ దారిలో చేద్దామనుకుంటున్నారో ఆ దారిలోనే, అదే వేళకి, పాత బండి మీద ఒక రౌండ్ వేయండి. వేగం కోసం కాదు. రోడ్డు ఎక్కడ గరుకుగా ఉంది, ఏ గతుకు అరచేతుల్లోకి వస్తోంది, ఏ మలుపులో మీకు తెలియకుండానే బ్రేక్ మీద వేలు పడుతోంది, ఇవి గుర్తు పెట్టుకోండి. పోల్చడానికి పాత జ్ఞాపకం తాజాగా ఉండాలి.

2. ఇంటి వరండాలో అరగంట

షాపులో బిగించే ఇచ్చారు కదా అని ఎక్కేయకండి. నేను అలాగే ఎక్కాను. జోడుగుళ్లపాలెం దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటిన కాసేపటికి వెనక వస్తున్న కుర్రాడు అరిచాడు: "అన్నా, ఆగండి ఆగండి! ముందు చక్రం వంకరగా పోతోంది!" ఆగి చూస్తే హ్యాండిల్ తిన్నగానే ఉంది, దాని కింద చక్రం మాత్రం కుడివైపు రెండు వేళ్ళంత తిరిగి ఉంది. హ్యాండిల్‌ని ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) గొట్టానికి పట్టి ఉంచే బోల్టులు రెండు. వాటి మీది రబ్బరు మూత తీసి ఆలెన్ కీ పెట్టాను. పైది గట్టిగానే ఉంది. కిందది వేళ్ళతోనే తిరిగింది. బీచ్ రోడ్డులో పాతిక వేగంలో జరిగింది కాబట్టి సరిపోయింది. అదే తొట్లకొండ దిగేటప్పుడు జరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు.

అందుకే మొదట ఈ పరీక్ష. బండి ముందు నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, హ్యాండిల్‌ని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పడానికి బలంగా ప్రయత్నించండి. చక్రం కదలకుండా హ్యాండిల్ తిరిగిందంటే బోల్టులు వదులు. తర్వాత ముందు బ్రేక్ నొక్కి పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. ఫోర్కు ఫ్రేములోకి దూరే చోట వేలు ఆనించి ఉంచితే, అక్కడ వదులు ఉంటే చిన్న 'టక్' వేలికి తగులుతుంది. ఉంటే హ్యాండిల్ పక్క బోల్టులు వదులు చేసి, పైన మధ్యలో ఉన్న బోల్టుని కొంచెం బిగించి, మళ్ళీ పక్క బోల్టులు బిగించాలి. వరస తారుమారైతే పని జరగదు.

బిగించడానికి టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా, కొనండి. ఇంత బండి కొన్నవాళ్ళు దానికి వెనకాడటంలో అర్థం లేదు. కార్బన్ దగ్గర బోల్టుకి ఎంత బిగింపు కావాలో ఆ భాగం మీదే అచ్చువేసి ఉంటుంది, చాలా చోట్ల 5 న్యూటన్ మీటర్ల దగ్గర్లో. ఇంకొంచెం బిగిస్తే ఇంకా భద్రం అనే మన చేతి అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇనుము వంగి చెబుతుంది. కార్బన్ లోపల పగిలినా పైకి కనబడకపోవచ్చు. కార్బన్ సీటు గొట్టానికి గ్రీజు రాయకూడదు, ఇసుకలా గరగరలాడే కార్బన్ పేస్టు రాయాలి. పెడల్ మరలకి మాత్రం గ్రీజు కావాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి. ఈ స్థాయి బళ్ళు చాలావరకు పెడల్స్ లేకుండానే వస్తాయి కాబట్టి ఈ పని మీ చేతికే రావచ్చు.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర పెరిగిన చేతికి ముందు బ్రేక్ కుడివైపు. యూరప్, అమెరికా మార్కెట్ల కోసం బిగించిన బండి అయితే ముందు బ్రేక్ ఎడమవైపు ఉంటుంది. ఎక్కే ముందు ఒక్కో లివర్ నొక్కి, బండిని తోసి, ఏ చక్రం ఆగుతోందో కళ్ళతో చూడండి. తారుమారుగా ఉంటే, హైడ్రాలిక్ గొట్టాలు హ్యాండిల్ లోపలి నుంచి పోయే ఈ కాలం బళ్ళలో మార్చడం పెద్ద పని. అయినా మార్పించుకోండి. కుక్క అడ్డమొచ్చిన క్షణంలో చెయ్యి పాత అలవాటు ప్రకారమే నొక్కుతుంది.

ఇక రెండు చిన్న పనులు. ఫ్రేము మీది సీరియల్ నంబరు, సాధారణంగా క్రాంక్ ఇరుసు కింద ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి. గేర్లు ఎలక్ట్రానిక్ అయితే ముందు రోజు రాత్రే ఫుల్ చార్జ్ చేయండి. నాది 12 స్పీడ్ షిమానో అల్టెగ్రా డీఐ2 అనే ఎలక్ట్రానిక్ గేర్ల సెట్. ఇందులో చార్జింగ్ పోర్టు వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే భాగం) మీదే ఉంటుంది, బ్యాటరీ సీటు గొట్టంలో ఉంటుంది. లివర్లలో మాత్రం విడిగా చిన్న నాణెం బ్యాటరీలు ఉంటాయి. అవి అయిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ లివర్ నుంచి గేరు మారదు.

3. టైర్లలో గాలి

కొత్త బండి గురించి మనల్ని అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించేది ఇదే.

పాత 23, 25 మిల్లీమీటర్ల టైర్లలో వంద పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పైన కొట్టిన అలవాటు మనలో చాలామందికి పోలేదు. కొత్త బళ్ళకి 28 గానీ అంతకన్నా లావు గానీ వస్తున్నాయి. వాటిలో వంద కొడితే బండి రాయిలా ఉంటుంది. 'ఈ ఫ్రేము చాలా గట్టిది, ఒళ్ళు హూనం చేస్తోంది' అని రాసేస్తాం. 70 కిలోల మనిషికి 28 ట్యూబ్‌లెస్ టైర్లయితే వెనక 68, ముందు 64 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. మన రోడ్ల మీద ఎక్కువ గాలి అంటే ఎక్కువ వేగం కాదు. గరుకు తారు మీద గట్టి టైరు ప్రతి కంకర రాయికీ ఎగిరి పడుతుంది. ఆ ఎగురుడులో మీరు కాళ్ళతో పెట్టిన శక్తి మీ ఒంట్లోకే వణుకుగా తిరిగొచ్చి వృథా అవుతుంది.

రిమ్ము హుక్‌లెస్ రకమైతే, అంటే టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనిదైతే, 5 బార్ అంటే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు. దాటితే టైరు ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ మన ఎండల సంగతి కూడా లెక్కలోకి రావాలి. ఏసీ గదిలో 70 కొట్టి బండిని ఎండలో కారు డిక్కీలో పెట్టారనుకోండి. లోపలి వేడి 20 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి ఐదారు పీఎస్‌ఐ పెరుగుతుంది. పరిమితి దాటిపోయినట్టే. రైడ్ మొదలయ్యే చోట, అదే వేడిలో కొట్టడం మేలు.

బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనకండి. గేజ్ ఉన్న పంపు ఒక్కటే వాడండి, ప్రతిసారీ అదే వాడండి. రెండు పంపుల గేజ్‌లు ఒకే అంకె చూపించడం నేను అరుదుగా చూశాను.

4. మొదటి 5 కిలోమీటర్లు బ్రేకులకి, వేళ్ళకి

ఆర్కే బీచ్ రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది. నడకవాళ్ళకి దూరంగా ఒక తిన్నని ముక్క చూసుకోండి. కొత్త డిస్క్ బ్రేకులు మొదట సరిగ్గా పట్టవు, కీచుమంటాయి కూడా. ప్యాడ్ పదార్థం పలచని పొరగా డిస్కు మీదికి సమంగా ఎక్కితేనే వాటికి పట్టు వస్తుంది. 25 వేగం దాకా వెళ్ళి, ముందు బ్రేక్ ఒక్కటే నిలకడగా నొక్కి, నడక వేగానికి తెచ్చి వదిలేయండి. పూర్తిగా ఆపకండి, చక్రం బిగుసుకుపోనివ్వకండి. ఇలా ముందుది ఇరవైసార్లు, వెనకది ఇరవైసార్లు. పన్నెండో పదమూడోసారికి లివర్ కింద తేడా మీకే తెలుస్తుంది. అప్పటిదాకా జారినట్టున్నది అక్కడి నుంచి కొరికినట్టు పట్టుకుంటుంది. డిస్కుని వేళ్ళతో ముట్టకండి. చేతి జిడ్డు చాలు దాన్ని పాడు చేయడానికి.

తర్వాత గేర్లు. డీఐ2లో రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. కేబుల్ గేర్లలో లివర్ దూరం తోసిన అనుభవం వేళ్ళకి ఉంటుంది. ఇక్కడ మౌస్ క్లిక్ చేసినంత పని. గ్లౌజులతో మొదటి రోజు నేను తేలిక గేరుకి బదులు బరువు గేరు వేశాను, అదీ ఎత్తు మీద. చదును రోడ్డు మీద, చూడకుండా, మనసులో 'పైకి', 'కిందికి' అనుకుంటూ ఒక పది నిమిషాలు నొక్కండి. గేరు పడే తీరు ఎంత బాగున్నా ఆ మార్కులు ఫ్రేముకి వేయకండి. అదే గ్రూప్‌సెట్, అంటే గేర్లు, బ్రేకుల సెట్, ఇంకో ఫ్రేము మీదా అలాగే పడుతుంది.

5. దారిలో ఏం గమనించాలి

ముందు గాలి లెక్క చూద్దాం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది, బీచ్ రోడ్డూ అంతే. మార్చి నుంచి వానాకాలం చివరిదాకా ఎక్కువగా వీచేది నైరుతి గాలే. అంటే భీమిలి వెళ్ళేటప్పుడు వీపున, వచ్చేటప్పుడు ముఖాన. వెళ్ళి రావడం వల్ల రెండూ కొట్టుకుపోతాయి అనుకుంటాం. పోవు. 24 కిలోమీటర్లు 36 వేగంతో వెళ్తే 40 నిమిషాలు. అదే దూరం 24 వేగంతో వస్తే 60 నిమిషాలు. సగటు 30 కాదు, 28.8. ఎదురుగాలిలో మనం గడిపే సమయమే ఎక్కువ.

ఇంకో లెక్క మరీ ముఖ్యం. చదును మీద 30 దాటాక మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. దానికి కావలసిన శక్తి వేగం ఘనానికి (వేగం × వేగం × వేగం) తగ్గట్టు పెరుగుతుంది. 30 నుంచి 33కి వెళ్ళాలంటే గాలి కోసం మూడో వంతు శక్తి అదనం. 33 నుంచి 39కి వెళ్ళాలంటే 65 శాతం అదనం. ఆ రోజు నాకు కనబడిన తేడా అదే. ఏ ఫ్రేమూ, ఏ చక్రాలూ అంత ఇవ్వలేవు. కాబట్టి మొదటి రైడ్‌లో కంప్యూటర్ స్క్రీన్ మీద వేగం కనబడకుండా పేజీ మార్చేయండి. గుండె వేగం ఒక్కటి ఉంచుకోండి చాలు.

వేగం చూడకపోతే మరి ఏం చూడాలి? తెన్నేటి పార్క్ దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది. అక్కడ చేతులు వదులు చేసి, మోచేతులు కొంచెం వంచి, చూపు మలుపు చివర పెట్టండి. మంచి రేసు ఫ్రేము మీరు చూసిన వైపు తనంతట తాను ఒరుగుతుంది. పాత బండిని తిప్పినంత బలం పెడితే అవసరానికి మించి లోపలికి కోసుకుపోతుంది. మొదటి రోజు ఇది భయంగా అనిపించవచ్చు. 'బండి కుదురు లేదు' అని అప్పుడే తీర్మానించుకోకండి. చేతి అలవాటు మారడానికి రెండు మూడు రైడ్లు పడుతుంది. మూడో రైడ్‌కి కూడా తిన్నని రోడ్డులో హ్యాండిల్‌ని సరిదిద్దుకుంటూనే ఉంటే, అప్పుడు అది నిజంగా మీకు సరిపడని జామెట్రీ, అంటే ఫ్రేము కోణాల, కొలతల తీరు.

సాగర్‌నగర్ దాటాక చిన్న ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కండి. పెడల్ మీద బరువు పడిన వెంటనే వెనక చక్రం ముందుకి తోస్తోందా, లేక మధ్యలో ఒక అర క్షణం మింగేస్తోందా? మంచి కార్బన్ ఫ్రేము దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అయితే ఇక్కడా ఒక భ్రమ ఉంది. లోతు కార్బన్ రిమ్ములు లేచి తొక్కినప్పుడు బోలు డప్పులా 'హూం హూం' అని మోగుతాయి. ఆ మోత వినగానే వేగం పెరిగినట్టే ఉంటుంది. చెవిని పక్కన పెట్టి పాదంలో తెలిసేదాన్నే నమ్మండి.

మీరు ముందే గుర్తుపెట్టుకున్న గతుకుల ముక్క వచ్చినప్పుడు హుడ్ల మీద చేతులు తేలికగా ఆనించి, సీటు మీద కూర్చునే దాటండి. దెబ్బ ఎక్కడికి వస్తోంది? అరచేతుల్లోకా, నడుములోకా? ముందువైపు మాత్రమే కొడుతుంటే ముందు టైరులో 3 పీఎస్‌ఐ తీసి మళ్ళీ అదే ముక్క మీద పోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. గాలి, సీటు, హ్యాండిల్ మూడూ ఒకేసారి కదిపితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

రుషికొండ దగ్గర జాగ్రత్త. కొండ చాటున గాలి ఆగి ఉంటుంది. చాటు దాటగానే పక్క నుంచి ఒక్క తోపు తోస్తుంది. 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు ఆ గాలిని తెరచాపలా పట్టుకుంటాయి. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఎక్కువ ఊగుతుంది. భుజాలు వదిలేసి, బండిని గాలివైపు కొంచెం వాలనివ్వండి. పక్కన బస్సు ఉన్నప్పుడు దానికి ఆనుకుని పోవద్దు. బస్సు దాటిపోయిన క్షణంలోనే ఆ తోపు వస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి వచ్చే ఈ పక్కగాలి పెరుగుతుంది కాబట్టి మొదటి రైడ్ ఎనిమిదిలోపు ముగించండి.

6. ఒంట్లో నొప్పులు

మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు, మోకాలి వెనక లాగితే పైకి ఉన్నట్టు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే చేతుల మీద బరువు ఎక్కువ పడుతోంది. సీటు ముక్కు మరీ కిందికి వాలి ఉందేమో చూడండి. రేసు బళ్ళలో హ్యాండిల్ కిందికి ఉంటుంది. మొదటి గంట ఏమీ తెలియదు, మర్నాడు పొద్దున మెడ పట్టేస్తుంది. మీ తీర్పు మర్నాటికి వాయిదా వేయండి.

7. 'టిక్' వినబడితే

నా బండి రెండో రైడ్‌లో మొదలుపెట్టింది. కుడి పెడల్ కిందికి వెళ్ళిన ప్రతిసారీ ఒక 'టిక్'. గోడ గడియారం కన్నా కొంచెం పొడిగా. కార్బన్ కదా, ఫ్రేము పగిలిందేమోనని రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మూడో రోజు కూర్చుని వరసగా వెతికాను. మీకూ అదే వరస చెబుతాను.

తొక్కడం ఆపి బండిని జారనివ్వండి. అప్పుడూ వస్తే అది చక్రంలోనిది, లేదా బ్రేక్ ప్యాడ్ డిస్కుకి రాసుకుంటోంది. రాకపోతే లేచి నిలబడి తొక్కండి. నిలబడితే ఆగిపోయిందా? అయితే సీటుదో సీటు గొట్టందో. నిలబడినా వస్తోందా? పెడల్స్, క్రాంక్, చక్రాల ఇరుసులు చూడాలి. నాది నిలబడగానే ఆగిపోయింది. సీటు గొట్టం ఎత్తుకి గుర్తుగా టేపు అంటించి బయటికి లాగాను. లోపలి భాగమంతా పొడిగా ఉంది, పేస్టు జాడ లేదు. బిగింపు పట్టిన చోట గోరుతో గీరినట్టు సన్నని తెల్ల గీత ఒక్కటి. గుడ్డతో తుడిచి, కార్బన్ పేస్టు పలచగా రాసి, అదే ఎత్తుకి పెట్టి, రాసి ఉన్న అంకెకి టార్క్ రెంచ్‌తో బిగించాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ చప్పుడు లేదు.

కార్బన్ ఫ్రేము చప్పుడు దారి తప్పిస్తుంది. సీటు దగ్గర పుట్టింది క్రాంక్ దగ్గర వినబడుతుంది. అందుకే చెవితో చోటు పట్టుకోవాలని చూడకుండా, ఒక్కో భాగాన్ని పక్కకి తప్పిస్తూ వెళ్ళండి. ఒక్క మాట మాత్రం: పెయింటులో పగులు గీత కనబడి, నాణెంతో తట్టినప్పుడు అక్కడ మాత్రం శబ్దం మొద్దుగా వస్తే, ఆ బండి ఎక్కకండి. కార్బన్ తెలిసిన మెకానిక్‌కి చూపించండి.

8. ఇంటికొచ్చాక

భీమిలిలో ఆగినప్పుడే ఫోన్‌లో ఒక వాయిస్ నోట్ చెప్పుకోండి, అంకెలు ఏవీ చూడకముందే. 'గరుకు రోడ్డు మీద ముందువైపు గట్టిగా ఉంది', 'మలుపులో భయమేసింది', ఇలా మామూలు మాటల్లో. అంకెలు చూశాక జ్ఞాపకం వాటికి తగ్గట్టు మారిపోతుంది.

తీరంలో తొక్కేవాళ్ళకి ఇంకో పని తప్పదు. సముద్రపు తుంపర కంటికి కనబడకుండా బోల్టు తలల మీద, చైన్ మీద, హెడ్‌సెట్ (ఫోర్కు ఫ్రేములో తిరిగే చోటు) బేరింగుల దగ్గర ఉప్పు పొరలా కూర్చుంటుంది. కార్బన్‌కి తుప్పు లేదు గానీ దాన్ని పట్టి ఉంచిన స్టీలు బోల్టులకి ఉంది. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, చైన్ మీద పలచగా లూబ్ వేయండి. కార్లు కడిగే ప్రెషర్ పైపుతో కొట్టొద్దు, నీళ్ళు బేరింగుల్లోకి పోతాయి.

వంద కిలోమీటర్లు తిరగ్గానే అన్ని బోల్టులూ మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి. కొత్త భాగాలు ఒకదానిలో ఒకటి సర్దుకుని కొంచెం వదులవుతాయి.

9. మూడో రైడ్‌లో తొట్లకొండ

ఎత్తు మొదటి రోజే పెట్టుకోవద్దు. బోల్టులు, బ్రేకులు, వేళ్ళు కుదిరాకే కొండ.

భీమిలి టీకొట్టు పెద్దాయన నా బండిని ఒంటి చేత్తో ఎత్తి చూసి, "ఇదేటి బాబూ, లోపల ఏటీ లేదా?" అన్నారు. నా పాత బండి 9.3 కిలోలు, ఇది 7.3. పోటీల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ అనుమతించే కనీస బరువు 6.8 కిలోలే కాబట్టి ఇంతకన్నా తగ్గడానికి పెద్ద చోటు కూడా లేదు. చేత్తో ఎత్తినప్పుడు ఆ రెండు కిలోలు చాలా పెద్ద తేడా. ఎక్కేటప్పుడు లెక్క వేరు. మనిషి, బట్టలు, నీళ్ళ సీసాలు, బండి అన్నీ కలిపి 82 కిలోలనుకుంటే రెండు కిలోలంటే 2.4 శాతం. పది నిమిషాల ఎత్తులో మిగిలేది 15 సెకన్లలోపు. తొట్లకొండ సముద్ర మట్టానికి 128 మీటర్లే కాబట్టి ఇక్కడ ఇంకా తక్కువ. బౌద్ధ ఆరామం ఉన్న పైభాగానికి చేరేసరికి బండి తేలికగా అనిపించడం మాత్రం నిజం, ఎందుకంటే నిలబడి తొక్కినప్పుడు కింద అది అటూ ఇటూ చులాగ్గా ఊగుతుంది. ఆ హాయిని హాయిగానే రాసుకోండి, నిమిషాల్లోకి మార్చకండి.

అసలు పరీక్ష దిగేటప్పుడు. చేతులు డ్రాప్స్‌లోకి (హ్యాండిల్ కింది వంపుల్లోకి), బరువు కొంచెం వెనక్కి, మలుపులో బయటి కాలు కిందికి. బ్రేక్ సన్నగా పట్టుకుని జారుతూ రాకండి, డిస్కులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల విలువ నాకు చదును మీద అంతగా తెలియలేదు. ఇక్కడ ఒక్క వేలితో, అనుకున్న చోట, అనుకున్నంత వేగానికి బండి దిగింది. రిమ్ బ్రేకులతో ఈ కొండ దిగినప్పుడల్లా ముంజేతులు బిగుసుకుపోయేవి. ఈ బండి నాకు నిజంగా ఇచ్చిన మార్పు ఏదంటే నేను ముందు చెప్పేది ఇదే.

హ్యాండిల్ ఎత్తు సంగతి చివరికి వదిలిపెట్టాను. షాపులో ఫోర్కు గొట్టం కోసేస్తామంటారు, పైకి పొడుచుకొచ్చి ఉంటే చూడ్డానికి బాగోదని. ఆగమని చెప్పండి. స్పేసర్లు (ఫోర్కు గొట్టం మీద హ్యాండిల్ ఎత్తు మార్చే రింగులు) కింద ఎక్కువ పెట్టి మొదలుపెట్టి, నూరేసి కిలోమీటర్లకి ఒకటి చొప్పున పైకి మారుస్తూ మెడ, చేతులు ఒప్పుకున్న చోట ఆపండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక కోయించండి. నేను రెండు స్పేసర్లు కింద ఉంచాను. పైన మిగిలిన గొట్టం ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల అరకు ఘాట్ ఎక్కి దిగి వచ్చాక చూస్తాను.